తాతయ్య తవ్వించిన భయం

మా తాతయ్యకి భయపడటమంటే ప్రాణం. కొందరికి పేకాట, కొందరికి పాత పాటలు, ఆయనకి భయం. పొద్దున్నే పళ్ళు తోముకుంటాడు, కాఫీ తాగుతాడు, ఆ తర్వాత ఆ రోజుకి కావలసిన భయాన్ని తీరిగ్గా ఎంచుకుంటాడు.

కుక్కరు కూతపెడితే తలుపు వెనక నిలబడతాడు. ఫ్యాను కింద కూర్చోవాలంటే ముందు దాన్ని కాసేపు కళ్ళార్పకుండా చూసి, దాని ఉద్దేశం ఏమిటో తేల్చుకున్నాక గానీ కూర్చోడు. బస్సులో ముందు సీటు వద్దు, ఎదురొచ్చేది గుద్దుతుంది. వెనక సీటూ వద్దు, వెనకొచ్చేది గుద్దుతుంది. మధ్య సీటులో కూర్చుని రెండింటి గురించీ ఆలోచిస్తాడు. ఫోను మోగితే "ఎత్తకు" అంటాడు.

"ఎందుకు తాతయ్యా?"

"చెడ్డ వార్త అయితే ఎత్తకపోవడమే మేలు. మంచి వార్త అయితే వాళ్ళే మళ్ళీ చేస్తారు."

లెక్కలు అంతుబట్టక పదో తరగతితో బడికి దణ్ణం పెట్టేసినదాన్ని నేను. ఈ లెక్క మాత్రం ఒక్కసారి చెప్పగానే అర్థమైంది.

ఇక నీళ్ళంటే చెప్పక్కర్లేదు. స్నానాల గదికి గడియ వెయ్యడు. బకెట్టు నిండా నీళ్ళుంటే సగం పారబోస్తాడు. "అంత లోతు ఎందుకు?" అంటాడు.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ, "పెరట్లో ఈతకొలను కట్టిస్తున్నాను" అన్నాడు. నాకు పొలమారింది. ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు. పొలమారడమన్నా ఆయనకి భయమే.

అసలు సంగతి మా అమ్మమ్మ. స్నానాల గదిలో కాలుజారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అంతకు ముందు ఆవిడ గొంతు వీధి చివరి దాకా వినబడేది. పడ్డాక ఆ గొంతు మంచం దాటి రాలేదు. ఎముక అతుక్కుంది గానీ కాలు మాత్రం కింద పెట్టదు. నేనొక పక్క, తాతయ్యొక పక్క పట్టుకుంటే, కళ్ళు గట్టిగా మూసుకుని, ఏ కొండ అంచునో నడుస్తున్నట్టు స్నానాల గదికి వెళ్ళొచ్చేది. ఆవిడ వేళ్ళు నా జబ్బ మీద అచ్చు పడిపోయేవి.

డాక్టరు తాతయ్యని వరండాలోకి పిలిచి చెప్పాడు. "ఎముకకి ఏం లేదండీ. ఆవిడని పడుకోబెట్టింది భయం. ఇలాగే పడుకుంటే కాళ్ళల్లో కండ కరిగిపోతుంది. అప్పుడిక లేవాలనుకున్నా లేవలేరు. రోజూ ఛాతీ దాకా నీళ్ళల్లో నడిపించండి. ఒంటి బరువు తెలియదు, జారినా దెబ్బ తగలదు."

ఊళ్ళో ఉన్న ఈతకొలనుకి తీసుకెళ్తామంటే అమ్మమ్మ, "పదిమందిలోనా? నేనా?" అని గోడవైపు తిరిగి పడుకుంది. అలా గోడవైపు తిరిగిన వీపుని చూస్తే నాకు నిజంగా భయమేసింది. తాతయ్య భయాలకి నవ్వొస్తుంది. ఇది ఆ రకం కాదు.

అందుకని కొలను. విని అమ్మమ్మ గోడవైపు నుంచే అంది, "తవ్వించుకోండి. నేను మాత్రం దిగను. మీరే దిగండి."

"నేనా! నాకు భయం కదే!"

"మరి ఎవరి కోసం కట్టిస్తున్నట్టు?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. దాంతో ఇంకా భయమేస్తోంది."

గోడవైపున్న వీపు కొంచెం కదిలింది. నవ్వో, విసుగో తెలియలేదు.

మేస్త్రి వచ్చి పెరట్లో సున్నంతో గీతలు గీశాడు. పొడుగ్గా, లావుగా, ఎవరేమన్నా "అలాగే" అనే మనిషి. తాతయ్య ఆ గీతల బయట గోడనంటుకుని నడవడం మొదలుపెట్టాడు.

"ఇంకా తవ్వలేదు బాబాయిగారూ. అది నేలే."

"ఇవాళ నేలే. రేపు?"

మేస్త్రి "అలాగే" అన్నాడు.

తర్వాత లోతు గొడవ. తాతయ్య మేస్త్రిని సరిగ్గా అమ్మమ్మ గది కిటికీ కింద నిలబెట్టి, ఇంటింటికీ వినబడేలా రహస్యం చెప్పాడు. "డాక్టరు ఛాతీ దాకా అన్నాడు గానీ, నువ్వు మోకాలి దాకా తవ్వు. చాలు."

లోపల్నుంచి మంచం కిర్రుమంది. "మోకాలి దాకా నీళ్ళల్లో నేనేం చెయ్యాలట? గిన్నెలు తోమాలా?"

"నువ్వు దిగనన్నావు కదే!"

"దిగను! దిగకపోయినా లోతు లోతే! డాక్టరు చెప్పినట్టు తవ్వమనండి!"

"సరే, నడుము దాకా. మనిద్దరికీ మధ్యస్థంగా."

"ఎవరి నడుము? మీదా, మేస్త్రిదా?"

చూద్దును కదా, కిటికీ ఊచలు పట్టుకుని అమ్మమ్మ నిలబడి ఉంది. మంచం నుంచి కిటికీకి మా ఇద్దరి జబ్బలూ లేకుండా ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. తెలిసిన మరుక్షణం మొహం పాలిపోయింది. పరిగెత్తుకెళ్ళి పట్టుకున్నాను. తాతయ్య మాత్రం బయట మేస్త్రితో, "చూశావా, ఇంట్లో నా మాట ఎవరూ వినరు" అని వాపోతున్నాడు.

తవ్వే యంత్రం వచ్చినరోజు ఆయన ఇల్లంతా తిరుగుతూ ఒకటే కంగారు. "దాని చెయ్యి చూశావా? అటు తిరగబోయి ఇటు తిరిగితే వంటిల్లు పోతుంది. వంటింట్లో గ్యాసుంది. గ్యాసు పేలితే పక్కింటి టైలరు మిషన్లు పోతాయి. అతను మనమీద కేసు పెడతాడు. నేను జైలుకెళ్తే నా బీపీ మాత్రలు ఎవరిస్తారు?"

"అబ్బబ్బ, లోపల కూర్చోండి! నేను చూస్తాను ఆ యంత్రాన్ని!" అని అమ్మమ్మ గోడ పట్టుకుని పెరటి గుమ్మం దాకా వచ్చేసింది. వచ్చి, ఆ గొయ్యి చూసి, గుమ్మం దగ్గరే కూలబడింది. ఎర్రమట్టి గోడలు, అడుగున చీకటి. "ఇందులోకా నేను దిగాల్సింది?" అని నా చెవిలో అంది. ఆవిడ చెయ్యి మంచుగడ్డలా ఉంది.

తర్వాత వాన పట్టుకుంది.

చువ్వలు కట్టకముందే, కాంక్రీటు పొయ్యకముందే, పెరట్లో ఆ పచ్చి గొయ్యి నోరు తెరుచుకుని ఉండగానే వాన. గొయ్యి నిండింది. అమ్మమ్మ గది గోడకీ గొయ్యి అంచుకీ మధ్య ఉన్న మట్టి పెళ్ళలు పెళ్ళలుగా విరిగి నీళ్ళల్లో పడుతోంది. పడ్డప్పుడల్లా "బుడుంగు"మని చప్పుడు. మేస్త్రి ఇసుక బస్తాలు వేయించాడు, నీళ్ళు తోడే మోటారు పెట్టాడు. తాతయ్య గొడుగు కింద నిలబడి గొడుగు మీద పిడుగు పడుతుందేమోనని చూస్తున్నాడు. అమ్మమ్మ మాత్ర వేసుకుని ఆ గోడకి ఆ పక్కనే నిద్రపోతోంది.

నేను ఇంకో నాలుగు ఖాళీ బస్తాలు పట్రావడానికి వీధి చివరి కొట్టుకెళ్ళి, తడిసి ముద్దయి తిరిగొచ్చేసరికి మోటారు ఉత్తుత్తి రొద చేస్తోంది, గొట్టంలోంచి చుక్క రావట్లేదు. మేస్త్రి గొయ్యి అంచున నిలబడి నోరు వెళ్ళబెట్టుకుని చూస్తున్నాడు. నీళ్ళ మీద తాతయ్య గొడుగు తిరగబడి తేలుతోంది. తాతయ్య లేడు.

చేతిలోని బస్తాలు పడేసి గొయ్యివైపు పరిగెత్తాను.

అంతలో గొడుగు పక్కన బురదరంగు తలకాయ ఒకటి పైకొచ్చింది. తాపీగా ఊపిరి పీల్చుకుంది. ఒక చేత్తో ఆకులు, ప్లాస్టిక్ సంచి ముక్క గట్టున పడేసి, "గొట్టం మూతికి అడ్డుపడింది. ఇప్పుడు వెయ్యవయ్యా మోటారు" అంది. నాలుగు బారలు వేసి, మేస్త్రి చెయ్యి ఇస్తున్నా పట్టుకోకుండా గట్టెక్కి, లుంగీ పిండుకుంది.

మోటారు గుడగుడమని నీళ్ళు కక్కడం మొదలుపెట్టింది.

"తాతయ్యా! నీకు ఈతొచ్చా?"

"ష్! అమ్మమ్మకి చెప్పకు."

"నీకు నీళ్ళంటే భయం కదా!"

"భయమే. కాస్త." మొహం తుడుచుకున్నాడు. "ఆ మిగతాదంతా మీ అమ్మమ్మ కోసం. ఇంట్లో అందరం ధైర్యంగా ఉన్నామనుకో, భయపడేది ఆవిడొక్కతే అవుతుంది. ఒక్కరే భయపడటం చాలా కష్టమే పిల్లా. పక్కన ఇంకా పెద్ద పిరికివాడు ఉంటే, వాణ్ణి తిట్టుకుంటూ కాస్త తన భయం మర్చిపోవచ్చు."

అంతలో గదిలోంచి అమ్మమ్మ గొంతు. "ఏమిటా చప్పుడు?"

తాతయ్య క్షణంలో వణికిపోయాడు. "వానే! ఉరుమే! నాకు కాళ్ళాడట్లేదే! లోపలికి రానా?"

"తడికాళ్ళతో వస్తే చంపేస్తాను!" అంది అమ్మమ్మ, మునుపటి గొంతుతో.

ఆ పూటంతా నేను ఏ పనీ చెయ్యలేదు, పాతవన్నీ తవ్వుకుంటూ కూర్చున్నాను. చిన్నప్పుడు నాకు సూది వెయ్యబోతుంటే, సూది చూసి కుర్చీలోంచి జారి కిందపడ్డాడు ఈయన. నర్సులంతా ఆయన చుట్టూ చేరితే నేను పడీపడీ నవ్వాను. ఆ నవ్వులో సూది ఎప్పుడు వేశారో తెలియలేదు. ముసలి దొంగ!

ఆ తర్వాత పని సాఫీగా సాగిందా అంటే, తాతయ్య ఉండగా ఎలా సాగుతుంది? చువ్వలు కడుతుంటే తుప్పు భయం, కాంక్రీటు పోస్తుంటే పగుళ్ళ భయం. పలకలు అతికిస్తుంటే, "నీలం రంగు వద్దు, లోతు తెలియదు" అన్నాడు. అమ్మమ్మ పెరట్లో కుర్చీ వేయించుకుని నీలమే వేయించింది. మొదటిసారి నీళ్ళు నింపి మేస్త్రి గోడమీద పెన్సిలుతో గీత పెట్టాడు. తెల్లారేసరికి నీళ్ళు గీతకి జానెడు కిందున్నాయి.

"ఎక్కడికి పోయాయి? ఇంటి కిందికే! ఇల్లు తేలిపోతుంది!" అని తాతయ్య గుమ్మం పట్టుకున్నాడు, ఇల్లు కదలకుండా.

అమ్మమ్మ ఊతకర్రతో కుర్చీలోంచి లేచి, కొలను చుట్టూ నడిచి, ఒకచోట ఆగి, "ఈ గొట్టం అతుకు దగ్గర మట్టి తడిగా ఉంది, చూడు నాయనా" అంది. మేస్త్రి "అలాగే" అన్నాడు. కారేది అక్కడే.

చివరికి దిగే రోజు వచ్చింది.

మెట్ల పక్కన స్టీలు కడ్డీ, నీలం నీళ్ళు. తాతయ్య ముందు దిగి, రెండో మెట్టు మీద కడ్డీని కావలించుకుని తన దగ్గరున్న భయాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి బయటికి తీశాడు. చల్లగా ఉంది. లోతుగా ఉంది. కింద ఏదో కదిలింది. మేస్త్రి అడుగు సరిగ్గా పొయ్యలేదు. అమ్మమ్మ మామూలుగా అయితే ఒక్కోదానికీ ఒక్కో తిట్టు తిట్టాలి. తిట్టలేదు. ఆవిడకి ఆయన మాటలు వినబడటం లేదు. మొదటి మెట్టు అంచున నిలబడి నీళ్ళనే చూస్తోంది. పెదాలు తెల్లబడ్డాయి.

"నా వల్ల కాదు," అంది మెల్లగా. "లోపలికి తీసుకెళ్ళు. నన్ను పడుకోనివ్వండి."

తాతయ్య నోరు ఆగిపోయింది. కడ్డీ వదిలేసి ఆవిడకేసి చూశాడు. ఆయన మొహంలో అచ్చమైన భయం అలా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. అరుపుల్లేవు, చేతులాడించడాల్లేవు. ఏమీ లేదు. ఆవిడ వెనక్కి తిరిగితే ఇక మంచమే.

ఆవిడ వెనక్కి తిరగబోయింది.

నేను బట్టలతోనే దబ్బుమని నీళ్ళల్లోకి దూకాను. "అమ్మో! కాలు అందట్లేదు! తాతయ్యా, పట్టుకో! పోతున్నాను!"

తాతయ్య ఒక్క క్షణం నన్ను చూశాడు. వెంటనే అందుకున్నాడు. "నేనెక్కడ పట్టుకోనే, నేనే పోతున్నాను! నువ్వే నన్ను పట్టుకో!"

"నువ్వు పట్టుకో!"

"ముందు నువ్వు!"

ఇద్దరం ఒకరి మెడ ఒకరం పట్టుకుని, ఛాతీ దాకా నీళ్ళల్లో నిలబడి ఊరు అదిరేలా గోలపెట్టాం.

"ఛీ ఛీ! నిలబడితే కాళ్ళు అందుతాయి కదర్రా! ఇద్దరికీ బుర్రలేదు!" అని అమ్మమ్మ కర్ర పక్కన పడేసింది. కడ్డీ పట్టుకుంది. ఒక మెట్టు దిగింది, తిట్టింది. ఇంకో మెట్టు దిగింది, ఇంకా పెద్దది తిట్టింది. నీళ్ళు నడుముకొచ్చాయి, ఛాతీకొచ్చాయి. నీళ్ళని తోసుకుంటూ నడిచొచ్చి నా జబ్బ ఒక చేత్తో, తాతయ్య జబ్బ ఇంకో చేత్తో పట్టుకుని లాక్కెళ్ళడం మొదలుపెట్టింది. "నడవండి! ఈ గోడ దాకా! మళ్ళీ ఆ గోడ దాకా! ఇంట్లో ఒక్కళ్ళకైనా ధైర్యం ఉండద్దూ! నా ఖర్మ!"

మా గోలకి పక్కింటి టైలరు గోడమీంచి తల పెట్టాడు. "ఏమైంది పిన్నిగారూ?"

"ఏం లేదు నాయనా. వీళ్ళిద్దరికీ భయం పోగొడుతున్నాను. రోజూ రావాల్సేలా ఉంది."

అమ్మమ్మ అటు తిరిగి టైలరుతో మాట్లాడుతుంటే, తాతయ్య నావైపు వంగి, పెదాలు కదపకుండా చెవిలో అన్నాడు.

"అరుపు బాగానే ఉంది గానీ, 'పోతున్నాను' దగ్గర కాస్త ఎక్కువైంది. రేపు తగ్గించు."