పెద్దనాన్న కారులో నాన్న ఫోను

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఈ భూమ్మీద ఉండేది కాదండీ. ఆ రోజులంటే మరీ పాతవేం కావు, నేను అమలాపురంలో డిగ్రీ పూర్తి చేసిన ఏడాది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కి, పట్టా పుచ్చుకుని దిగిన మొదటి మనిషిని నేనే. చదివింది బీఎస్సీ కంప్యూటర్సే అయినా, అల్లవరం పక్కనున్న మా ఊళ్ళో నన్ను 'ఇంజనీరమ్మ' అనేవారు. (కాదండీ అని మొదట్లో చెప్పేదాన్ని. పిలుపు బాగానే ఉంది కదా అని తర్వాత మానేసేను.) ఎవరింట్లో టీవీ రాకపోయినా, ఎవరి ఫోను నిండిపోయినా, ఆఖరికి రొయ్యల చెరువు దగ్గర మోటారు తిరక్కపోయినా నాకే కబురు. నేను వెళ్ళి ఓసారి ఆపి మళ్ళీ వేసేదాన్ని. సగం రోగాలు దాంతోనే కుదిరిపోయేవి. మిగతా సగానికి "కంపెనీ లోపమండీ" అనేసి, ఇచ్చిన కాఫీ తాగి వచ్చేసేదాన్ని.

అలాంటి నాకు విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది! కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం! ఆ ఫోనొచ్చినప్పుడు నేను చెరువుగట్టు మీద నాన్నకి క్యారేజీ పట్టుకెళ్తున్నాను. క్యారేజీ గట్టు మీదే పెట్టేసి గంతులేసేను. నాన్నది చెరువుల దగ్గర మోటార్లూ, నీళ్ళు చిలికే ఏరేటర్లూ చూసుకునే పని. తడిచేతులు లుంగీకి తుడుచుకుని నా తల నిమిరేరు. మరుక్షణం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించేసేరు. "అమ్మా, ఇది ముందు పెద్దనాన్నకి చెప్పాలి. సమయం చూసి నేను చెప్తాను. అందాకా నువ్వు నోరు విప్పకు" అన్నారు. మా ఇంట్లో పద్ధతి అదండీ. మంచి కబురేదైనా ముందు పెద్దాయన చెవిలో పడాలి, ఆయన 'ఆయ్' అనాలి, ఆ తర్వాతే వీధిలోకి వెళ్ళాలి. వచ్చే సోమవారానికల్లా నేను వస్తానో రానో ఆఫీసు వాళ్ళకి చెప్పాలి. ఇంత కబురు కడుపులో పెట్టుకుని ఉండడం ఎంత కష్టమో! మా ఇంటి ముందునుంచి వెళ్ళే పాలాయన్ని కూడా చూసి నవ్వేసేదాన్ని.

పెద్దనాన్న అప్పుడే కువైట్ నుంచి పూర్తిగా వచ్చేసేరు. అక్కడ ఓ పెద్దింట్లో డ్రైవరుగా జుట్టు నెరిసేదాకా చేసేరు. "వాళ్ళ కార్లలో పాటలు పెట్టుకునే తెరలుండేవమ్మా, పళ్ళెమంత. నేను ముట్టుకోకూడదు. తోలడం నా పని, పాట వాళ్ళిష్టం" అని చెప్పేవారు. అందుకని వచ్చీరాగానే రాజోలులో ఎవరో వాడిన కారొకటి తెచ్చేరు. రంగు చూడలేదు, మైలేజీ అడగలేదు. తెర ఉందా లేదా, అంతే. ఆదివారం ఆ కారులో అంతర్వేది వెళ్ళాలని, దారి పొడుగునా తన ఫోనులోంచి మా ఊరి భజన వాళ్ళు నరసింహస్వామి మీద పాడిన పాట వినాలని ఆయన కోరిక. కువైట్లో గదిలో పడుకుని చెవిలో పెట్టుకు విన్న పాట అది. ఇంకోమాట కూడా అంటూ ఉండేవారు: "మనింట్లో దూరం వెళ్ళి ఒంటరిగా బతికిందీ నేనొక్కణ్ణి చాలు." నాన్న భయమంతా ఆ మాటకే. కాబట్టి నాన్న వేసిన పథకం ఏంటంటే, కారు కదలాలి, పాట రావాలి, అన్నయ్య మనసు కరగాలి, అప్పుడు నా ఉద్యోగం మాట ఎత్తాలి. అంటే నా విశాఖపట్నం మొత్తం ఆ పాట మీద ఆధారపడి ఉందన్నమాట. పాట తెప్పించే బాధ్యత ఎవరిది? ఇంకెవరిదండీ!

శనివారం సాయంత్రం కొబ్బరాకుల షెడ్డులో నిలబెట్టిన కారెక్కి, తెర వెలిగించి, పెద్దనాన్న ఫోనులో బ్లూటూత్ వేసేను. తెర మీద అంకెలొచ్చేయి, ఫోనులోనూ అవే అంకెలొచ్చేయి, రెండు చోట్లా ఒప్పుకున్నాను. కలిసిపోయింది. పాట మోగింది. పెద్దనాన్న స్టీరింగు కళ్ళకద్దుకున్నారు. అక్కడితో ఆగుంటే ఈ కథే లేదు. కిటికీలోంచి పెద్దమ్మ తల పెట్టింది.

"ఏవే, అందులో ఆయన పేరొక్కటే ఎక్కించేవా?"

"పాట ఆయన ఫోన్లోనే ఉంది కదా పెద్దమ్మా."

"పాటదేవుందే! రేపట్నించీ ఈ కార్లో తిరిగేది నేనూ కదా. కారు నన్నెరక్కపోతే ఎలా?"

నిజమే మరి. శుభకార్యానికి పిలవడానికి వెళ్ళి, ఒకళ్ళకి బొట్టు పెట్టి పక్కనున్నావిడని వదిలేస్తామా? పెద్దమ్మ ఫోను కలిపేను. తర్వాత అమ్మ. "నాకెందుకులే" అంది. (మా వైపు 'నాకెందుకులే' అంటే ఇంకో రెండుసార్లు అడగమని.) అడిగి కలిపేను. నాదీ కలుపుకున్నాను. అందరికన్నా ఆఖర్న నాన్న, చెరువుల మీంచి కాళ్ళకి బురదతో వచ్చి దూరంగా నిలబడి, "నాది పాత ఫోనమ్మా, దాన్ని రానిస్తుందా?" అన్నారు. "నేనున్నాను కదా నాన్నా!" అని కలిపేసేను. తెర మీద తన ఫోను పేరు పడితే ఆయన చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయేరు. ఎవర్నీ చిన్నబుచ్చకుండా పని ముగించేనని నాకెంత గర్వమో!

ఆదివారం పొద్దున్నే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి బయల్దేరేం. ఇంజనీరమ్మ తెర దగ్గరే ఉండాలని నన్ను ముందు కూర్చోబెట్టేరు. వెనకాల అమ్మకీ పెద్దమ్మకీ మధ్య నాన్న, అచ్చం బుట్టలో కుక్కిన పనసకాయలా ఇరుక్కున్నారు. కారు రోడ్డెక్కింది. పాట లేదు.

"ఏమ్మా, పాటేదీ?"

"వచ్చేస్తోంది పెద్దనాన్నా. సిగ్నలు అందాలి."

"ఫోన్లో ఉన్న పాటకి సిగ్నలెందుకమ్మా?"

నేను వినిపించుకోనట్టు కిటికీలోంచి చూసేను. విషయం ఏంటంటే, ఆ కారు ఆఖర్న ఎవరి ఫోనుతో కలిసిందో, మర్నాడు ముందు దాన్నే వెతికి పట్టుకుంటుంది. ఇది నాకు తర్వాత తెలిసింది. (మూడేళ్ళ కాలేజీలో ఎవరూ చెప్పలేదు మరి.) అప్పటికి కారు పట్టుకున్నది నాన్న పాత ఫోనుని. దాన్లో పాటా లేదు, పద్యమూ లేదు. నేనేమో సౌండు తక్కువైందనుకుని బటను కుడివైపుకి తిరిగినంతా తిప్పేసేను. తెర మీద కనబడ్డ ప్రతి బొమ్మా నొక్కుతున్నాను. వెనకనుంచి నాన్న "అమ్మా, వస్తుందంటావా?" అని అడుగుతున్నారు. ఆయన అడిగేది పాట గురించి కాదని నా ఒక్కదానికే తెలుసు.

సరిగ్గా బోడసకుర్రు వంతెన మీదకి వచ్చేసరికి తెరంతా ఓ పేరు నిండిపోయింది: 'మేతకొట్టు బావ'. ఆయన రొయ్యల మేత అమ్ముతారు, నాన్నకి ప్రాణస్నేహితుడు. నా వేలు అప్పటికే కిందకి దిగుతోంది. దిగి పచ్చబొమ్మ మీద పడింది.

"ఏరా బావా!" అని కారు నాలుగు మూలల్లోంచీ ఉరిమింది. "దారిలో ఉన్నావా? మీ అన్నకి చెప్పేవా లేదా?"

నాన్న జేబులో ఫోను తియ్యబోయేరు. చెయ్యి కదిలితేగా! "నేను తర్వాత..." అని మాత్రం అనగలిగేరు.

"తర్వాతేంట్రా! అమ్మాయికి ఉద్యోగం వచ్చిన రోజే చెరువుల మీదున్న వాళ్ళందరికీ కాజాలు పంచేవు. ఏడుస్తా పంచేవు. అన్నయ్య వద్దంటాడేమోనని మళ్ళీ ఏడ్చేవు. ఇన్నాళ్ళూ ఆయన మాటకి ఎదురు చెప్పలేదు, ఈ ఒక్కదానికీ చెప్తాను, దాన్ని పంపి తీరతాను అన్నావు. మరి చెప్పేవా, ధైర్యానికి ఇంకో కాజా పంపించమంటావా?"

నన్ను నోరు విప్పొద్దన్న మనిషి ఊరందరికీ కాజాలు పంచేరన్నమాట! నేను ఎర్రబొమ్మ కోసం వెతుక్కుంటూంటే పెద్దనాన్న "ఉండనియ్యమ్మా" అన్నారు. తెరవైపు కొంచెం వంగి, ఎంతో మర్యాదగా, "బాగున్నారా అండీ? నేను వాళ్ళన్నయ్యని మాట్లాడుతున్నాను" అన్నారు.

కారు వంతెన దిగింది. తెరలోంచి పిల్లిలాంటి గొంతొకటి వచ్చింది. "ఆయ్... నమస్కారమండీ అన్నగారూ. తమరు బాగున్నారా అండీ? మేత లారీ వచ్చినట్టుందండీ. ఉంటానండీ." టక్కున పెట్టేసేరు.

పెద్దనాన్న కారు పక్కకి తీసి ఆపేరు. నా విశాఖపట్నం ఆ వంతెన కింది వైనతేయ పాయలో మునిగిపోయిందనే అనుకున్నాను. ముందుగా నోరు తెరిచింది పెద్దమ్మ. "మాకు కాజాలు రాలేదేం మరిదిగారూ?"

"అయిపోయేయి వదినగారూ" అన్నారు నాన్న. అని, ఇరుక్కున్నచోటే కాస్త ముందుకి జరిగి, "అన్నయ్యా, మీకే ముందు చెప్పాలి. చెప్పలేకపోయేను. దానికి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. పంపిద్దామని ఉంది. మీరు కాదన్నా..." అని ఆగిపోయేరు. నాన్న వాళ్ళన్నయ్యతో 'మీరు కాదన్నా' అనడం నేను పుట్టేక అదే మొదలు. ఆ మాట ఆయనకే బరువైపోయినట్టుంది, కళ్ళు దించేసుకున్నారు.

పెద్దనాన్న తమ్ముడివైపు చూడలేదు. నావైపు తిరిగేరు.

"అక్కడ జ్వరమొస్తే ఎవరు చూస్తారు?"

"గదిలో ఇంకా అమ్మాయిలుంటారు పెద్దనాన్నా."

"మేం ఫోన్ చేస్తే ఎత్తుతావా?"

"ఎత్తుతాను."

"పనిలో ఉన్నాననవు కదా?"

"అనను." (ఇది మాత్రం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గే. వారానికి నాలుగుసార్లు అంటాను.)

ఆయన స్టీరింగు మీంచి చేతులు తీసి తమ్ముడివైపు తిరిగేరు. "నేను వెళ్ళిన కొత్తలో ఎత్తుదామన్నా నాకెవరి ఫోనూ వచ్చేది కాదు. ఒంటరితనం అంటే దూరం కాదురా తమ్ముడూ, అదీ!" అన్నారు. మళ్ళీ కారు స్టార్టు చేస్తూ, "దీనికి నువ్వు నాకు ఎదురు చెప్పక్కర్లేదు, సుబ్బరంగా వెళ్ళనియ్యి. బస్సు గిస్సు అనకండి, నేనే తీసుకెళ్ళి దింపొస్తాను. ఏమ్మా, ఇంతకీ నా పాట ఏది?" అన్నారు.

నాకు ఒక్కసారిగా బుర్ర వెలిగింది. "నాన్నా, మీ ఫోను ఆపెయ్యండి!" ఆయన అంత ఆనందంగా ఏ పనీ చెయ్యగా నేను చూడలేదు. ఫోను ఆగింది, కారు పెద్దనాన్న ఫోనుని పట్టుకుంది, భజన మొదలైంది. తిప్పిన సౌండు మళ్ళీ తగ్గించలేదన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. తాళాల మోతకి పెద్దమ్మ చెవులు మూసుకుంది. వెనకాల వస్తున్న కొబ్బరికాయల ఆటో అతను స్వామివారి ఊరేగింపనుకుని హ్యాండిలు వదిలేసి దండం పెట్టేడు. తగ్గించబోతే పెద్దనాన్న నా చెయ్యి పట్టుకుని "ఉండనియ్యమ్మా" అన్నారు. మలికిపురం దాటేదాకా అదే సౌండు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే పెద్దనాన్న "ఉండు, ఉండు" అన్నారు. టప్, టప్, టప్ అని వరసగా తలుపుల చప్పుడు. ఏంటని అడిగితే, అందరూ షెడ్డులో కారెక్కి కూర్చున్నారట. కారులో అయితే నా గొంతు అందరికీ ఒకేసారి వినబడుతుందని! ఏసీ కూడా వేసుకున్నారట. ఫోను బల్లమీద పెట్టి స్పీకరు నొక్కితే చాలని చెప్పబోయేను. అప్పటికింకా ఇంజనీరమ్మనే కదా. ఎందుకో, ఆ ఒక్కసారికీ తెలిసిన విషయం చెప్పకుండా ఊరుకున్నాను. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆ కారు ఎక్కడికీ వెళ్ళకుండా మా ఇంటిల్లిపాదినీ నా దగ్గరికి తీసుకొస్తోంది.

ఈ ఆదివారం నా దగ్గర కబురొకటి ఉంది. ఎర్ర రంగు కారు, చిన్నది, నా పేరు మీదే కొన్నాను, తెర కూడా ఉంది! (పెద్దనాన్నకన్నా ముందు మీకు చెప్పేసేను చూసేరా, నాన్న పోలికే.) ఎవరి ఫోను ముందు కలుస్తుందో, ఎవరిది ఆఖర్న కలుస్తుందో నాకిప్పుడు బాగా తెలుసు. అయినా అన్నీ తెలుసనుకుంటూ తెర మీద కనబడ్డ ప్రతి బొమ్మా నొక్కేసిన ఆ పిల్లంటేనే నాకు ముద్దు. నాకు తెలిసింది ఏదీ మా ఇంటికి అంత మేలు చెయ్యలేదు. ఫోన్ మోగుతోంది. పెద్దనాన్న ఎత్తేరు. "ఉండమ్మా, మీ నాన్న ఇంకా ఎక్కలేదు" అంటున్నారు. ఆఖరి తలుపు పడేదాకా ఆగుతాను.