మంజుల కుట్టిన తీగ

మంజుల ఇల్లు సూర్యాపేటలో, ఒక గల్లీ చివర. ముందు గదిలో కుట్టుమిషను. పక్కన బల్ల మీద డీవీడీ ప్లేయరు, ఆంప్లిఫయరు. గోడకు రెండు స్పీకర్లు.

ఆదివారం చర్చిలో పాట ఎత్తేది ఆమె. నేర్చుకునేది మిషను మీద. పుస్తకంలో మాటలుంటాయి, రాగం ఉండదు. రాగం చెవిన పడాలి, మళ్లీ మళ్లీ పడాలి. పెన్‌డ్రైవ్‌లోని పాట మోగుతుంటే ఆమె కాళ్లు తొక్కుతూ ఉండేవి. జాకెట్టు పూర్తయ్యేసరికి పాట వచ్చేసేది.

మోకాళ్లు అరిగాయి. తొక్కడం మానమన్నారు దవాఖానలో. మిషనుకు మోటరు పెట్టించింది. మోటరు తిరగగానే స్పీకర్లు గర్రుమన్నాయి. పాట అందులో మునిగిపోయింది.

భర్త యాకోబు మేళ్లచెరువులో సిమెంటు లారీ నడుపుతాడు.

“మోటరన్న ఆపు, పాటన్న ఆపు. ఇంటికొచ్చినా లారీల ఉన్నట్టే ఉన్నది.”

“రెండూ ఆపను.”

“అయితే క్రిస్మస్‌కు గిదే పాడు. గర్ర్...”

మంజుల నవ్వలేదు. క్రిస్మస్ మొదటి పాట కొత్తది. అది రాకపోతే పాట ఎత్తడం మరొకరికి పోతుంది.

రేడియోలు, టీవీలు బాగుచేసే జగదీశ్ దగ్గరికి మోటరు పట్టుకెళ్లింది.

“మోటర్ల నిప్పురవ్వలు పుడుతయక్కా. ఆ చప్పుడు కొంత కరెంటు వైరెంబడి వస్తది, కొంత గాలిల వస్తది.”

“గాలిల వచ్చేదాన్ని ఎట్ల ఆపాలె తమ్మీ?”

“ముందుగాల వైరుది ఆపుదాం.”

కరెంటు లైనుకు వాడే కెపాసిటర్ ఒకటి మోటరు దగ్గర అతికించాడు. పాత కంప్యూటరులోంచి తీసిన నల్లటి రింగు ఇచ్చి, మోటరు వైరు దానికి చుట్టమన్నాడు. ఆమె బాబిన్‌కు దారం చుట్టినట్టు చుట్టింది, చుట్టు పక్కన చుట్టు, బిగువుగా. గర్రు సగం తగ్గింది.

మిగిలిన సగం గాలిది. ప్లేయరుకూ ఆంప్లిఫయరుకూ మధ్య ఉన్న సన్నని తీగ మీద పడుతోంది. దానికి చపాతీలు చుట్టే ఫాయిల్ చుట్టమన్నాడు జగదీశ్.

జాకెట్టు మెడకు పైపింగ్ కుట్టినట్టు కుట్టింది మంజుల. లోపల తీగ, దాని మీద ఫాయిల్, పైన ఏటవాలుగా కత్తిరించిన నూలుగుడ్డ. ఎక్కడా ముడత లేదు.

గర్రు మాత్రం తగ్గలేదు.

“తీగకు కొత్తబట్టలు కుట్టినవ్,” అన్నాడు యాకోబు. “లగ్గం చేస్తవా ఏంది?”

జగదీశ్‌కు ఫోన్ చేసింది.

“ఊర్కె చుడితే కాదక్కా. ఫాయిల్‌ను డబ్బాకు కలపాలె.”

ప్లేయరు డబ్బాకా, ఆంప్లిఫయరు డబ్బాకా అని అడగలేదు. ఆమె చేతిలో కుట్టు ఎప్పుడూ రెండు కొసలా ముడిపడుతుంది. ఫాయిల్‌కు రెండు వైపులా రాగిపోగు కుట్టి, ఒకటి ఆంప్లిఫయరు వెనక స్క్రూకు, ఒకటి ప్లేయరు స్క్రూకు బిగించింది. గర్రు పోయింది. దాని చోట హుమ్మని ఒక బరువైన మోత వచ్చి కూర్చుంది. మోటరు ఆపినా పోలేదు.

ఆమె మిషను ముందు కూర్చుంది. ఒళ్లో సగం కుట్టిన లెహంగా. లైనింగ్ నడుము దగ్గర కుట్టులో ఉంది. కింద వదులుగా ఉంది. కిందా కుడితే పైబట్ట గుంజుకుంటుంది. ప్రతి లెహంగాకూ అలాగే వదులుతుంది.

తీగ వైపు చూసింది.

కత్తెర తీసుకుంది. అన్నీ ఆపి, ప్లేయరు వైపు పోగు తెంపింది. ఆంప్లిఫయరు వైపుది ఉంచింది. మళ్లీ ఆన్ చేసింది.

ఆ మోత లేదు.

మోటరు పెడల్ నొక్కింది. సూది పరుగెత్తింది. గర్రు లేదు. స్పీకర్లలో పాట ఒక్కటే ఉంది. తబలా మీద వేలు పడటం, పాడేవాళ్లు ఊపిరి తీసుకోవడం కూడా వినబడ్డాయి. మంజుల గొంతు కలిపింది.

గల్లీలోంచే యాకోబు అరిచాడు:

“మిషన్ బంద్ వెట్టినవా? అయితే అన్నం పెట్టు.”

“బంద్ పెట్టలే. నువ్వే పెట్టుకో. రెండో చరణంల ఉన్న.”

అతను గుమ్మంలో నిలబడ్డాడు. సూది కింద లెహంగా కదులుతోంది. చెప్పులు విప్పి, చప్పుడు చేయకుండా వంటగదిలోకి వెళ్లాడు.

క్రిస్మస్ నాడు మొదటి పాట మంజులే ఎత్తింది.