బోర్డు లేని పని

ఈ రోజు నంద్యాల బ్యాంకు నుంచి వెరిఫికేషన్ మనిషి ఆళ్లగడ్డలో మా అద్దె ఇంటికి వచ్చాడు. కాలేజీ ఉద్యోగం మానేసి రెండేళ్లుగా ఇంటి నుంచే పాఠ్యపుస్తకాలు రాసిచ్చే కాంట్రాక్టు పని చేస్తున్నాను. ఆ పని నిజంగానే ఉందని అతను రాసుకుపోతేనే హోమ్ లోన్. శుక్రవారం దాటితే మేం చూసుకున్న ఇల్లు వేరేవాళ్లకు పోతుంది.

నేను లోపల కాగితాలు తీస్తుండగా, అతను ఎదురుగా అంగడిలో ఉన్న సుబ్బమ్మక్కను అడగడం వినిపించింది.

"ఆ మేడం ఏం పని చేస్తాదమ్మా?"

"ఏం పనప్పా! కాలేజీ ఇడిసిపెట్టినంక ఖాళీగానే ఉండాది. పొద్దస్తమానం కంప్యూటర్ ముందర కూచోనుంటాది, పాపం."

కిటికీలోంచి అతని పెన్ను కదలడం చూసి చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను. "అక్కా, అదే నా పని!"

"ఊరికే ఇంట్లో ఉండానని నువ్వే గదమ్మా చెప్పింది?"

నిజమే. ఉద్యోగం మానేసిన కొత్తలో వివరించడానికి మొహమాటపడి అలాగే అన్నాను. బహుశా నేనూ అప్పుడు అదే నమ్మానేమో.

"గుమ్మానికి బోర్డన్నా లేదే మేడం. సాయంత్రంలోగా ఒకటి పెట్టి ఫోటో పంపండి, రిపోర్టు అంతవరకూ ఆపుతా" అని అతను వెళ్లిపోయాడు.

సుబ్బమ్మక్క అట్టపెట్టె ఒకటి చించి ఇచ్చింది. నా పేరు రాశాక కింద ఏం రాయాలో తోచక నిలబడిపోయాను.

"ఖాళీ లేదు అని రాయమ్మా" అంది.

అదే రాసి, గుమ్మానికి తగిలించి ఫోటో పంపాను. జవాబు ఇంకా రాలేదు. ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లారా, మీ పని గురించి ఎదురింటివాళ్లకు ఏమని చెప్పుకున్నారు?