అడుగున రెండు మాత్రలు

నాకు ముక్కు మీదే కోపం. ఫార్మసీ చదివాను గానీ, అది తగ్గే మందు మాత్రం ఎక్కడా దొరకలేదు. డెబ్బైల చివర్లో హైదరాబాదులో చదువు ముగించి బాన్సువాడలో బస్సు దిగేసరికే మా నాన్న నా బతుకంతా నిర్ణయించేసి ఉన్నాడు. కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద వరి పండిస్తున్న మనిషి. ఏ పనికైనా ముందే నారు పోసి పెట్టుకోవడం ఆయన అలవాటు.

"బస్టాండు దగ్గర మందుల షాపు పెడదాం అమ్మాయ్. నీ సర్టిఫికెట్ గోడకి తగిలిస్తే చాలు. కౌంటర్లో తమ్ముడు కూర్చుంటాడు," అన్నాడు.

"గోడకి వేలాడ్డానికా నాన్నా నేను నాలుగేళ్లు చదివింది?" అన్నాను. 

వేరే దారులు లేకపోలేదు. కంపెనీ తరఫున డాక్టర్ల దగ్గరికి తిరిగే రిప్రజెంటేటివ్ పని ఆడపిల్లకి ఇచ్చేది లేదన్నారు. నగరంలో మాత్రలు తయారుచేసే ఫ్యాక్టరీలో వాటి నాణ్యత పరీక్షించే పని ఉంది గానీ, ఒంటరిగా గది తీసుకుని ఉంటానంటే అమ్మ ఒప్పుకోలేదు. అప్పుడే నగరం నుంచి ఒక డాక్టరుగారు మా దవాఖానకి వచ్చారు. క్షయకి పాత మందులు మేలా, కొత్తగా కలిపి ఇచ్చేవి మేలా అని తేల్చడానికి చుట్టుపక్కల ఊళ్ల రోగులు కొందరిని ఏడాదికి పైగా గమనిస్తారట. మందులు పంచి లెక్క రాయడానికి మనిషి కావాలన్నారు. వెళ్లి ఆయన ఎదుట నిలబడ్డాను.

పని వినడానికి తేలికే. నెలకోసారి రోగి పాత సీసా తెచ్చిస్తే కొత్తది ఇవ్వాలి. పాతదాంట్లో ఎన్ని మాత్రలు మిగిలాయో రిజిస్టరులో రాయాలి. మిగిలాయంటే మింగలేదన్నమాట. వరసగా మూడు నెలలు మిగిల్చితే పేరు తీసేయాలని నియమం. పేరు పోయినవాళ్లు మందు కోసం నెలనెలా నిజామాబాద్ దాకా పోవాలి.

ఆ రోగుల్లో ఒక అవ్వ ఉండేది. నాట్లకీ కలుపులకీ పోయే కూలి మనిషి, ఇంట్లో తోడెవరూ లేరు. మొదటి నెల ఆవిడ సీసాలో రెండు మాత్రలు మిగిలాయి. అంటే ఒక రోజు మోతాదు. రెండో నెలా రెండే.

"మింగుతున్నావా అవ్వా?"

"మింగుతున్న బిడ్డా, పొద్దుగాల లేవంగనే."

"అయితే సీసా అబద్ధమాడుతోందా?" అని విసుక్కుని, రిజిస్టరులో 'శ్రద్ధ లేదు' అని రాశాను. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని అందరూ అనేవారు. చాలామంది ఆడవాళ్ల సీసాల్లో ఇలాగే ఒకటో రెండో మిగిలేవి. డాక్టరుగారు పేజీలు తిప్పి, "ఆడవాళ్లకి తమ ఒంటి మీద శ్రద్ధ తక్కువమ్మా," అన్నారు. ఔనండీ అన్నాను. సిగ్గు లేకపోతే సరి!

మూడో నెలా అవే రెండు మాత్రలు. పేరు కొట్టేయాలి. పెన్ను తీసి మళ్లీ మూత పెట్టేశాను. అప్పటికే ఆవిడ దగ్గు తగ్గింది, ముఖం తేటపడింది, మళ్లీ నాట్లకి పోతోంది. ఒక రోజు కూలి పోగొట్టుకుని నెలనెలా నిజామాబాద్ పోయే మనిషి కాదు. మందు మధ్యలో ఆగితే ఏమవుతుందో నేను చదువుకున్నాను. చచ్చిపోతుంది. నాకు భయం వేసింది. నా భయం ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది. మర్నాడు ఆ సీసా సంచీలో వేసుకుని బస్సెక్కాను. దిగి కాలువ గట్టు వెంట నడిచినంతసేపూ తిట్లు కూర్చుకుంటూనే ఉన్నాను.

అవ్వ వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. సీసా ఆవిడ ముందు పెట్టాను.

"రెండు మాత్రలు మింగడానికి ఏం రోగం అవ్వా నీకు? రేపు పేరు కొట్టేస్తారు, తెలుసా?"

ఆవిడ బిత్తరపోయింది. "గంత కోపం జేస్తవేంది బిడ్డా? నేను మర్వలే. అవి ఉంచిన."

"ఎందుకుంచావు?"

"పానం నిలవెట్టినోళ్ల సీస ఉత్తగ ఎట్ల ఇయ్యాలె? అండ్ల వెట్టనీకె నా తాన ఏమున్నది? అందుకే గా రెండు గోలీలు ఉంచిన. ఏం, మీ ఇంట్ల ఉత్త గిన్నె వాపసిస్తరా?"

 మా అమ్మ పొరుగింటి గిన్నె ఏనాడూ ఖాళీగా తిరిగివ్వలేదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి పంపేది. ఆ గిన్నెలు మోసింది నేనే. మరచిపోయే మనిషి ప్రతి నెలా సరిగ్గా రెండే మరచిపోతుందా? ఆ ప్రశ్న నాకు రానే లేదు. మగవాళ్ల సీసాలు ఖాళీగానో, సగం మాత్రలతోనో వచ్చేవి. ఒకటో రెండో మిగిలింది ఆడవాళ్ల సీసాల్లోనే. అంతా నా చేత్తోనే రాశాను. లెక్కపెట్టాను గానీ ఒక్కరినీ ఎందుకని అడగలేదు. అక్కడే అరుగు మీద కూర్చుని ఏడ్చాను. "కోపం జేసింది నువ్వే, ఏడ్సేది నువ్వేనా?" అని అవ్వ నవ్వింది.

సాయంత్రం డాక్టరుగారికి చెప్పాను. ఆయన రిజిస్టరు తెరిచి ఆ పేజీలన్నీ మళ్లీ తిప్పి చూశారు. చివరికి, "అవ్వ పేరు ఉండనీ. మిగతా ఆడవాళ్లందరినీ అడుగు," అన్నారు. నేను బ్లేడు తీసి రిజిస్టరులో 'శ్రద్ధ లేదు' అన్న మాటలు గీకబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"గీకకూడదమ్మా. ఒక్క గీత కొట్టు. కింద మాట కనబడుతూనే ఉండాలి. పక్కన నిజం రాసి, తేదీ వేసి, సంతకం పెట్టు."

ఆ రాత్రే నాన్నకి షాపు పెట్టనని చెప్పేశాను. "తమ్ముణ్ణే చదివించండి, వాడి సర్టిఫికెట్టే తగిలించుకోండి," అన్నాను. ఎనభైలంతా నేను ఇలాంటి పరిశీలనల్లోనే ఊళ్లు తిరిగాను.

మరుసటి నెల అవ్వ వచ్చింది. సీసా ఖాళీగా ఇచ్చినా తప్పులేదని నేను ఎంతో నచ్చజెప్పి ఉన్నాను. ఆవిడ సీసా బల్ల మీద పెట్టి, "గోలీలన్ని మింగిన. సూస్కో ఇగ," అంది. అరచేతిలోకి ఒంపాను. మాత్రలు లేవు. నాలుగు బియ్యపు గింజలున్నాయి.

"వీటిని ఏ గడిలో రాస్తావు?" అన్నారు డాక్టరుగారు నవ్వుతూ. వాటికి గడి లేదు. గింజలు కొంగున కట్టుకుని, 'మిగిలినవి: సున్న' అని రాశాను. ఆ పై వరసల్లో గీతల కింద 'శ్రద్ధ లేదు' అన్నది చక్కగా కనబడుతూనే ఉంది. పక్కన సంతకం నాదే.