దేవుని పుంజు

ఉదయగిరిలో మా పక్కింటి శీనమ్మవ్వ కోత పండగకి ఏటా గుమ్మడికాయే తెచ్చేది. ఆ రోజు మా చర్చిలో అందరూ తెచ్చిన కానుకలను వేలం వేస్తారు. ఒక ఏడు ఆమె గుమ్మడికాయను ఎవరూ పాడలేదు. చివరికి పాస్టరుగారే మొహమాటానికి కొన్నారు. అవ్వకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి రాగానే ఒక పుంజుపిల్లను పట్టుకుని, "ఇది దేవునిది. వచ్చే ఏడు వేలంలో దీన్ని మించింది ఉండకూడదు" అని ప్రార్థన చేసేసింది.

ఇక ఆ ఏడాదంతా ఆమెకు వేరే లోకం లేదు. తాను గంజి తాగి, దానికి నూకలు, నానబెట్టిన సజ్జలు పెట్టింది. పిల్లులొస్తాయని మధ్యాహ్నం కునుకు మానేసింది. అది ఒక పూట తుమ్మితే ఒళ్లో పెట్టుకుని బస్సులో ఆత్మకూరు పశువుల ఆసుపత్రికి పోయింది. నాకు జ్వరమొస్తే మా ఆవిడ కరుణశ్రీ కూడా ఇంత కంగారు పడలేదు.

పుంజు బలిసింది, పొగరూ పెరిగింది. నేను పాఠాలు చెప్పడానికి బడికి బయల్దేరగానే పిక్కల మీదికి దూకేది. కర్ర ఎత్తితే అవ్వ పరిగెత్తుకొచ్చేది.

"కొట్టబాకండి సార్, అది దేవునిది!"

"దేవునిదైతే నన్నెందుకు పొడస్తా ఉండాది?"

"మీరు ఆదివారం లేటుగా వస్తా ఉండారు గదా."

ఒళ్లు మండిపోయింది. వేలంలో దాన్ని నేనే కొని, కూర వండించుకుని తినాలని నిశ్చయించుకున్నాను. పండగనాడు ఎవరెంత పాడినా వదల్లేదు. ఆ ఏడు కానుకలన్నిటిలోకీ అదే పెద్ద పాట. అవ్వ ముఖం వెలిగిపోయింది. నేను పుంజు కాళ్లు కడుతుంటే మాత్రం అటు తిరిగి ముక్కు చీదుకుంది.

మర్నాడు పొద్దున కరుణశ్రీ మసాలా నూరుతోంది, నేను కత్తి పదును పెడుతున్నాను. అవ్వ నూకల గిన్నెతో వచ్చింది.

"దానిమీద నాకేం హక్కు లేదు సార్, ఇచ్చేసినాను. ఇది తినే టైము, అంతే. ఆకలితో కొయ్యబాకండి."

ఎదురుగా కూర్చుని, ఏడుస్తూనే తినిపించింది. నాకు జాలేసింది, అంతకు మించి సిగ్గేసింది.

"అవ్వా, వచ్చే ఏడు కోత పండగకి ఇది నా కానుక. నువ్వే సాకాల" అన్నాను.

ఆ మసాలా వంకాయల్లోకి పోయింది.

ఇవాళ గేటు దాటుతుంటే ఆ పుంజు మళ్లీ పొడిచింది. కర్ర ఎత్తాను. అవ్వ అరుగు మీద నుంచి కదలనైనా కదల్లేదు.

"కొట్టండి సార్" అంది, "మీ మొక్కుబడే గదా!"

కర్ర కింద పడేసి బడికి పోయాను.