అచ్చియ్యమ్మ హస్తవాసి

చోడవరంలో పచ్చకామెర్లకి పసరంటే అచ్చియ్యమ్మే. ఆదివారం పొద్దున్నే పరగడుపున రావాలి. చెరుకు గట్ల మీద పీకి తెచ్చిన నేలఉసిరి మొక్కల్ని వేళ్ళతో సహా నూరి, మజ్జిగలో కలిపి, గ్లాసు చేతికిస్తుంది. మూడు వారాలు ఉప్పు లేదు, నూనె లేదు. డబ్బు పుచ్చుకోదు. అత్తగారి దగ్గర నేర్చుకున్న విద్య అది. విద్యతో పాటు ఒక కట్టడి కూడా వచ్చింది: గుమ్మంలోకొచ్చి చెయ్యి చాపినవాణ్ణి లేదని పంపకూడదు, పంపితే హస్తవాసి పోతుంది. నలభై ఏళ్ళుగా ఆవిడ ఎవరినీ లేదనలేదు. చాలామందికి తగ్గింది. కొందరు మళ్ళీ కనిపించలేదు. కనిపించనివాళ్ళ సంగతి ఎవరూ అడగరు, అదొక సుఖం.

ఓ ఆదివారం దుర్గారావు వచ్చాడు. చెరుకు లారీ నడుపుతాడు, ఆవిడకి వరసకి మరిది. ఒక చేతిలో ప్లాస్టిక్ డబ్బా, ఇంకో చేతిలో సంచీ.

"వదినా, ఇది సూడు. మా అమ్మాయి ఇందు విశాపట్నం నుంచి పంపింది. మిల్క్ తిసిల్ అంట, లివర్‌కి మంచిదంట. డాక్టర్‌కి సూపించి వాడమంది. రెండు నెల్లు వాడేను."

డాక్టరుకి చూపించలేదు. పొద్దున్న గుళిక, సాయంత్రం సారా సీసా. మహానుభావుడు, రెండూ వేళ తప్పనివ్వలేదు.

"డబ్బా అయిపోనాది. బొమ్మ సూస్తే మన కాలవ గట్టు మీద మొక్కే గదా! అదే ముళ్ళాకు, అవే తెల్ల సారలు. కోసుకొచ్చేను. పసరు తీసిచ్చెయ్."

అచ్చియ్యమ్మ డబ్బా మీది బొమ్మ చూసింది. సంచిలోంచి ఒక కాడ తీసి విరిచింది. పసుప్పచ్చటి పాలు కారాయి.

"ఒరే, ఇది బలురక్కసిరా! దీని గింజలు కలిసిన ఆవనూనె తిని మా సిన్నప్పుడు ఒకింటోళ్ళందరికీ కాళ్ళు పొంగిపోయేయి. బొమ్మలో పువ్వు ఊదా రంగు, నువ్వు తెచ్చింది పసుపు. ఆకు సూసేవు గానీ పువ్వు సూడలేదేటి?"

దుర్గారావు బుర్ర గోక్కున్నాడు. "పోనీ, నీ నేలుసిరే ఇయ్యి," అని చెయ్యి చాపాడు.

గ్లాసు నిండి సిద్ధంగానే ఉంది. ఇవ్వబోతూ ఆవిడ అతన్ని తేరిపార చూసింది. కళ్ళు పచ్చగా ఉన్నాయి సరే, కడుపు కుండలా బిగిసి చొక్కా గుండీలు అందడం లేదు. వంగి పాదం మీద వేలితో నొక్కింది. నొక్కినచోట పడిన గుంట అలాగే ఉండిపోయింది.

ఇలాంటి కడుపు ఆవిడ ఇదివరకొకసారి చూసింది. సొంత తమ్ముడు జగ్గయ్యది. అది తన మందుకి లొంగేది కాదని అప్పుడే మనసుకి తెలుసు. హస్తవాసి పోతుందన్న భయంతో మూడు ఆదివారాలు ఇచ్చింది. నాలుగో ఆదివారానికి జగ్గయ్య లేడు. ఆ సంగతి పన్నెండేళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేదు.

"నీకివ్వను," అంది.

వరసలో ఉన్నవాళ్ళు గుసగుసలాడారు. కోడలు సంధ్యారాణి కంగారుగా, "అత్తా, లేదనకూడదంటావు గదా!" అంది.

"అందరికీ ఇచ్చి నాకు లేదంటావేటి వదినా? నానేటి పాపం సేసేను?" దుర్గారావు చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అయినా అచ్చియ్యమ్మ గ్లాసు కింద పెట్టేసి, చెయ్యి కడుక్కుని, అతన్ని అనకాపల్లి బస్సెక్కించి పక్కనే కూచుంది.

ఆసుపత్రిలో కడుపులో నీళ్ళు తీశారు. డాక్టరు డబ్బా తిప్పి చూశాడు. "ఇది కొందరికి మేలు చెయ్యొచ్చు, చెయ్యకపోవచ్చు. తాగుడు మానకపోతే మాత్రం ఏ గుళికా కాపాడదు. ఇంకొన్నాళ్ళు పసర్లంటూ తిరిగుంటే మా చేతుల్లో ఉండేది కాదమ్మా."

పై ఆదివారం నలుగురే వచ్చారు. అచ్చియ్యమ్మ హస్తవాసి పోయిందన్న మాట అప్పటికే పక్కూరు వడ్డాది దాటింది. ఆవిడకి బాధేసింది. అయినా ఆ నలుగురినీ ముందు రక్తం పరీక్ష చేయించుకు రమ్మంది.

రెండు నెలలకి దుర్గారావు వచ్చాడు, చొక్కా వదులై.

"నా మూలంగా నీ హస్తవాసి పోనాదంట గదా, వదినా."

అచ్చియ్యమ్మ నేలఉసిరికి అంటిన మట్టి దులుపుతోంది. తలెత్తలేదు.

"పోతే పోనాదిరా. పన్నెండేళ్ళ కిందటే పోయుంటే బాగుణ్ణు. మా జగ్గయ్య ఉండేవోడు."