తోళ్ల గోదాం ఉప్పు

నేను సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తున్న రోజులవి. బహదూర్‌పురాల మా ఇంటి దగ్గర తోళ్ల గోదాం ఉండేది. ఉప్పు పట్టించిన తోళ్ల మీద ఎర్ర మరకలు ఎందుకొస్తయని అక్కడి ముసలి చాచాను అడిగిన.

"తోలుది కాదు బేటీ, ఆ రంగు ఉప్పుదే," అని పిడికెడు ఉప్పు పొట్లం కట్టిచ్చిండు.

దాన్ని ల్యాబ్‌కు తీస్కపోయిన. మామూలు సూక్ష్మజీవులు బతకలేనంత ఉప్పు కలిపిన ప్లేట్లల్ల కొన్ని వారాలకు ఎర్ర చుక్కలు మొలిచినయి. కొత్త జాతి దొరికిందని మస్తు సంబరపడ్డ.

కోస్తా నుంచి వచ్చిన మా గైడ్ మేడం మాత్రం, "తెలిసినవాటన్నిటితో పోల్చాకే మాట్లాడదాం," అన్నరు.

ఏడాదిన్నర పోల్చినం. ఎర్రది పాతదేనని తేలింది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు మేడం ఇంకో ప్లేటు తెచ్చిన్రు. అదే ఉప్పుల మొలిస్తే నేను పట్టించుకోని లేత పసుపు చుక్కను, ఆమె నెలనెలా కొత్త ప్లేటుకు మార్చుకుంట బతికించిన్రు. అది తెలిసిన ఏ జాతితోటీ కలవలేదు.

ఆ కొత్త జాతి మీద అచ్చయిన పరిశోధన వ్యాసంల నా పేరే ముందు రాసిన్రు.

"బతికించింది మీరు కద మేడం," అన్న.

"బతికించడం నా ఉద్యోగమమ్మా," అన్నరు.